యూకే 2 మీటర్ రిపీటర్లకు ఏ రేడియో? వైడా, నేరోనా?

రీడింగ్_శ్రీను:

అందరికీ నమస్తే. యూకే ఫౌండేషన్ లైసెన్స్ (హ్యామ్ రేడియోలో మొదటి మెట్టు) వచ్చింది, ఉండేది రీడింగ్ పక్కన. ఇక్కడ 2 మీటర్ బ్యాండులో ఎఫ్ఎం ఛానళ్లన్నీ 12.5 కిలోహెర్ట్జ్ ఎడంలో ఉంటాయి, అందుకని రేడియో నేరోలో (సన్నటి సిగ్నల్ పంపే సెట్టింగ్‌లో) పెట్టాలంటున్నారు. ఈ నేరో అనేది ఏ రేడియోలో నిజంగా పనిచేస్తుందో, ఎందులో పేరుకు మాత్రమే ఉంటుందో అర్థం కావట్లేదు.

దగ్గరున్నవీ దొరికేవీ ఇవి. హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న బావోఫెంగ్ యూవీ-5ఆర్. అమెరికాలో ఉండే బావగారు ఇచ్చిన యేసు ఎఫ్‌టీ-2900ఆర్, అక్కడి మోడల్. క్లబ్బులో ఒకాయన ఇస్తానంటున్న పాత ఐకామ్ ఐసీ-2ఈ, థంబ్‌వీల్ తిప్పేది. ఇవి కాకుండా సెకండ్ హ్యాండ్ మోటరోలా జీఎం340 ఒకటి కనబడుతోంది, కొనొచ్చా?

ఇంకో సంగతి. చేతి రేడియోతో రిపీటర్ (మన సిగ్నల్ విని తిరిగి దూరానికి పంపే స్టేషన్) తెరుచుకుంటోంది, కానీ గట్టిగా మాట్లాడినప్పుడల్లా మాట తెగిపోతోందనీ, డీవియేషన్ (మాటకు ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ ఊగే దూరం) ఎక్కువైందనీ రిపోర్టు ఇస్తున్నారు. మైకు దూరం పెట్టి మెల్లగా మాట్లాడితే బాగుందంటున్నారు. పవర్ పెంచినా తేడా లేదు. కారణం ఏమై ఉంటుంది?


టంకం:

శ్రీను గారూ, మీకు రిపోర్టు ఇచ్చినవాళ్లు సరిగ్గానే పట్టుకున్నారు. సిగ్నల్ బలానికీ దీనికీ సంబంధం లేదు, అందుకే పవర్ పెంచినా మారలేదు. మీ హ్యాండీ వైడ్‌లో ఉంది.

వైడ్‌లో డీవియేషన్ గరిష్ఠంగా ±5 కి.హె., నేరోలో ±2.5 కి.హె. మాటలో పై హద్దు 3 కి.హె. అనుకుని కార్సన్ సూత్రం వేస్తే వైడ్ సిగ్నల్‌కు 2×(5+3), అంటే 16 కి.హె. స్థలం కావాలి. నేరోకు 2×(2.5+3), అంటే 11 చాలు. 12.5 ఎడం ఉన్న ఛానల్లో 11 ఇముడుతుంది, 16 ఇమడదు. పక్క ఛానల్లోకి పొంగుతుంది.

ఇప్పుడు రిపీటర్ వైపు చూడండి. దాని రిసీవర్‌లో 455 కి.హె. ఫిల్టర్ సన్నగా ఉంటుంది. మీరు గొంతు పెంచిన క్షణంలో సిగ్నల్ ఆ ఫిల్టర్ అంచులు దాటిపోతుంది, డిస్క్రిమినేటర్ (సిగ్నల్ నుంచి మాట తీసే భాగం) నుంచి మాటకు బదులు హోరు వస్తుంది. స్క్వెల్చ్ సర్క్యూట్ (సిగ్నల్ లేనప్పుడు శబ్దం ఆపేది) చూసేది ఆ హోరునే కాబట్టి, సిగ్నల్ పోయిందనుకుని తలుపు వేసేస్తుంది. అచ్చు మధ్యలో మాట తెగడం ఇందుకే. 'ఆ', 'ఓ' లాంటి దీర్ఘాల దగ్గర ఎక్కువగా తెగుతుంది, చూడండి.

రేడియో ఎంచుకునేటప్పుడు నేను మూడు చూస్తాను. మొదటిది స్టెప్, అంటే ఒక్కో మెట్టుకు ఫ్రీక్వెన్సీ ఎంత జరుగుతుందో. రెండోది పంపేటప్పుడు డీవియేషన్ సగం అవుతుందా లేదా. మూడోది వినేటప్పుడు ఫిల్టర్ కూడా మారుతుందా. చాలామంది మూడో దానితో మొదలుపెడతారు గానీ, మొదటిది తప్పితే మిగతా రెండూ ఉన్నా లాభం లేదు.

స్టెప్ సంగతి. ఇక్కడి 2 మీటర్ రిపీటర్ ఔట్‌పుట్‌లు (మనం వినేవి) 145.600 నుంచి 145.7875 మెగాహెర్ట్జ్ దాకా, మొత్తం 16 ఛానళ్లు. పేర్లు ఆర్‌వీ48 నుంచి ఆర్‌వీ63 వరకు. లెక్క తేలిక: 145.000కు ఛానల్ నంబర్ × 0.0125 కలపాలి. ఆర్‌వీ58 అంటే 145.725. ఇన్‌పుట్ (మనం పంపేది) దానికి 600 కి.హె. కింద, 145.125. సింప్లెక్స్ (రిపీటర్ లేకుండా నేరుగా మాట్లాడే ఛానల్) వీ40 అంటే 145.500 కూడా ఇదే లెక్కలో వస్తుంది. ఇక సరి నంబర్లన్నీ 25 కి.హె. గుణిజాల మీద పడతాయి కాబట్టి 5 కి.హె. స్టెప్ ఉన్న రేడియోలోనూ దొరుకుతాయి. బేసి నంబర్లు దొరకవు. ఆర్‌వీ59 145.7375, దాన్ని 5 స్టెప్ రేడియోలో పెట్టబోతే 145.735 లేదా 145.740 వస్తుంది, ఎటు చూసినా 2.5 కి.హె. తేడా.

2.5 తేడాయే కదా అనకండి. 11 కి.హె. వెడల్పు సిగ్నల్ మధ్య నుంచి రెండు వైపులా 5.5 వరకు ఉంటుంది. అది 2.5 పక్కకు జరిగితే ఒక అంచు 8 దాకా వెళ్తుంది. సన్నటి ఫిల్టర్ ఆ వైపును కోసేస్తుంది, మాట గరగరలాడుతుంది.

మీ ఐసీ-2ఈ గొడవ సరిగ్గా ఇదే. థంబ్‌వీల్‌తో పాటు 5 కి.హె. స్విచ్ ఒకటే ఉంటుంది, అందుకని 16లో 8 ఛానళ్లు మాత్రమే. ఆ ఎనిమిదీ పాత ఆర్0 నుంచి ఆర్7 వరకు ఉన్న 25 కి.హె. ఛానళ్లే, కొందరు పెద్దలు ఇప్పటికీ ఆ పేర్లే వాడతారు. పైగా అందులో సీటీసీఎస్ఎస్ టోన్ (రిపీటర్ తెరుచుకోవడానికి మాటతో పాటు పంపే చిన్న స్వరం) ఉండదు, విడిగా ఎన్‌కోడర్ బోర్డు పెట్టాలి. ఇస్తే తీసుకోండి, బల్ల మీద పెట్టి నేర్చుకోవడానికి బంగారం లాంటి రేడియో. రోజువారీ రిపీటర్ పనికి మాత్రం వద్దు.

యూవీ-5ఆర్‌లో 5వ మెనూ డబ్ల్యూఎన్, దాన్ని 'నార్' చెయ్యండి. 1వ మెనూ స్టెప్ 12.5. 13వ మెనూ టీ-సీటీసీఎస్, అక్కడ టోన్. 25వ దాంట్లో షిఫ్ట్ ఎటో, అంటే మైనస్, 26వ దాంట్లో ఎంతో, అంటే 000.600. ఇవన్నీ వీఎఫ్ఓ (ఫ్రీక్వెన్సీ నేరుగా కొట్టే) మోడ్‌లో చెయ్యాలి. మెమరీ ఛానల్లో ఉండి నేరో మారిస్తే ఆ మార్పు నిలవదు. పాత ఛానల్ మీద కొత్తది నేరుగా సేవ్ అవ్వదు కూడా, ముందు 28వ మెనూతో దాన్ని తుడిచెయ్యాలి. తర్వాత 27వ మెనూతో ఒకే నంబరుకు రెండుసార్లు సేవ్ చెయ్యాలి: మొదట వినే ఫ్రీక్వెన్సీ, తర్వాత స్టార్ నొక్కి పంపే ఫ్రీక్వెన్సీ. ఇదంతా విసుగనిపిస్తే కేబుల్ పెట్టి కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ చిర్ప్‌లో రాసుకోండి. అక్కడ 'మోడ్' గడిలో ఎఫ్ఎం తీసేసి ఎన్ఎఫ్ఎం పెట్టడమే. ప్రతి వరుసకూ విడిగా పెట్టాలి, ఒకచోట మారిస్తే అన్నిటికీ పట్టదు.


గోదారి_గాలి:

టంకం గారు చెప్పినదానికి కొంచెం అడ్డు వస్తాను. వినే వైపు ఫిల్టర్ గురించి అంత బెంగ అక్కర్లేదు, శ్రీను గారూ. పంపే వైపు వైడ్ పెడితే పక్కవాళ్లకు ఇబ్బంది, అది మర్యాద కాదు. వినే వైపు వెడల్పు ఫిల్టర్ ఉంటే ఇబ్బంది మీ ఒక్కరికే, అది కూడా పక్క ఛానల్లో బలమైన స్టేషన్ ఉన్నప్పుడే. రిపీటర్లకు ఛానళ్లు పంచేటప్పుడే పక్కపక్క ఛానళ్లు ఒకే ఊళ్లో పడకుండా చూస్తారు కాబట్టి, ఇంట్లో రబ్బరు యాంటెన్నా మీద వినేవాళ్లకు రోజూ ఎదురయ్యే సమస్య కాదు. కొండ మీదకెక్కి వింటే అప్పుడు తెలుస్తుంది.

వెడల్పు ఫిల్టర్‌లో నేరో స్టేషన్ వింటే శబ్దం సగానికి పడిపోతుంది, 6 డీబీ తక్కువ. వాల్యూమ్ తిప్పుకుంటే సరిపోతుంది. హోరు కాస్త ఎక్కువ వస్తుంది. 15 కి.హె. ఫిల్టర్ నుంచి 9కి దిగితే లోపలికి వచ్చే నాయిస్ 2.2 డీబీ తగ్గుతుంది, అంతే లాభం. రిపీటర్ అంచున ఉన్నవాళ్లకు ఆ రెండు డీబీలు విలువైనవే, ఒప్పుకుంటాను.

ఇక అమెరికా ఎఫ్‌టీ-2900 గురించి. రేడియో గట్టిది, బాడీయే హీట్‌సింక్, ఫ్యాన్ గోల ఉండదు. 12.5 స్టెప్ ఉంది, మెనూలో నేరో కూడా ఉంది. చూసుకోవాల్సినవి వేరే.

ఒకటి ఆటోమేటిక్ రిపీటర్ షిఫ్ట్ (ఏఆర్ఎస్). అమెరికా మోడల్‌లో అది అక్కడి బ్యాండ్ ప్లాన్ ప్రకారం పనిచేస్తుంది. 145.1 నుంచి 145.5 మధ్య మైనస్ వేస్తుంది, 145.6 నుంచి 146 లోపు ఏమీ వెయ్యదు. ఇక్కడ సరిగ్గా దానికి తిరగబడి ఉంటుంది: 145.6 పైనే మైనస్ కావాలి, 145.2 నుంచి 145.5 దాకా సింప్లెక్స్. ఏఆర్ఎస్ ఆపకుండా సింప్లెక్స్‌లో పిలిస్తే మీరు 600 కి.హె. కింద పిలుస్తుంటారు, ఎవరికీ వినబడదు. 145.4 మీద పిలుపు 144.8 మీద పడుతుంది. యూరప్‌లో అది ఏపీఆర్ఎస్ (స్థానం వంటి సమాచారాన్ని డేటాగా పంపే పద్ధతి) ఫ్రీక్వెన్సీ, డేటా పాకెట్ల మీద మీ మాట ఎక్కుతుంది. కాబట్టి ముందు మెనూలో ఏఆర్ఎస్ ఆపెయ్యండి, ప్రతి రిపీటర్‌కూ షిఫ్ట్ చేత్తో పెట్టి మెమరీలో వేసుకోండి.

రెండు పవర్. దానికి ఉన్న మెట్లు 75, 30, 10, 5 వాట్లు. ఫౌండేషన్‌కు 2024 ఫిబ్రవరి నుంచి 25 వాట్లు. అంటే 30 మెట్టు మీకు లేదు, 10 వాడాలి. పెద్ద నష్టమేం కాదు, 25కూ 10కీ తేడా 4 డీబీ. పైకప్పు మీద మంచి యాంటెన్నా దాన్ని పూడ్చేస్తుంది. లేదా తర్వాతి లైసెన్స్ పరీక్ష రాసెయ్యండి.

మూడు, అమెరికా బ్యాండ్ 148 దాకా ఉంటుంది కాబట్టి ఆ రేడియో 146 పైన కూడా పంపగలదు. ఇక్కడ హ్యామ్‌లకు 144 నుంచి 146 వరకే. రేడియో ఆపదు, మీరే ఆగాలి.


రీడింగ్_శ్రీను:

ఇద్దరికీ ధన్యవాదాలు. 5వ మెనూ చూశాను, 'వైడ్' అనే ఉంది. మార్చాక రిపోర్టు బాగుందన్నారు, మాట తెగట్లేదట. కానీ ఇప్పుడు ఒక్కోసారి రిపీటర్ తెరుచుకోవడం లేదు, ఇది టోన్ సమస్యా?

ఇంకొక సందేహం. ఒక రేడియో మాన్యువల్లో మోడ్ వరుసలో ఎన్-ఎఫ్ఎం, డబ్ల్యూ-ఎఫ్ఎం, ఏఎం అని ఉంది. మరి ఎన్-ఎఫ్ఎం ఎంచుకుంటే నేరో అయినట్టేనా? కొనేముందు స్పెసిఫికేషన్ చూసి నేరో నిజమైనదో కాదో తేల్చుకునే దారి ఉందా?


టంకం:

ఎన్-ఎఫ్ఎం చాలామందిని బోల్తా కొట్టిస్తుంది. డబ్ల్యూ-ఎఫ్ఎం పక్కన ఎన్-ఎఫ్ఎం కనబడితే అక్కడ వైడ్ అంటే ఎఫ్ఎం రేడియో స్టేషన్ల 75 కి.హె. డీవియేషన్. దానితో పోల్చి మామూలు 5 కి.హె. ఎఫ్ఎంనే నేరో అంటారు. అది మనకు కావాల్సిన నేరో కాదు. ఇలాంటి రేడియోల్లో డీవియేషన్ తగ్గించే మెనూ వేరుగా ఉంటుంది. యేసు ఎఫ్‌టీ-60లో దాని పేరు 'హాఫ్ డీవియేషన్'. మాన్యువల్లో '12.5', 'హాఫ్ డీవియేషన్', '2.5' లాంటి మాటల కోసం వెతకండి, నేరో అన్న మాట కోసం కాదు.

స్పెసిఫికేషన్ చదివే పద్ధతి చెబుతాను. సెలెక్టివిటీ (పక్క ఛానళ్లను ఆపే శక్తి) వరుస చూడండి. ఎఫ్ఎంకు ఒక వరుస, నేరో ఎఫ్ఎంకు ఇంకో వరుస, రెండింటికీ వేర్వేరు అంకెలు ఉంటే ఫిల్టర్ నిజంగా మారుతోందని అర్థం. ఒకే వరుస ఉంటే నేరో బటన్ పంపే డీవియేషన్‌ను సగం చేసి, వినే వాల్యూమ్‌ను కాస్త పెంచి ఊరుకుంటోందని అనుకోవాలి. అంకెలు '-6 డీబీ దగ్గర 12 కి.హె. పైన, -60 డీబీ దగ్గర 30 కి.హె. లోపు' అన్నట్టుగా ఉంటాయి. రెండో అంకే అసలుది. 30 అంటే మధ్య నుంచి చెరో వైపు 15. మీ పక్క ఛానల్ కేంద్రం 12.5 దగ్గర ఉంటుంది, అంటే ఆ ఫిల్టర్ వాలులోనే పడుతుంది. పూర్తిగా ఆగదు.

కమర్షియల్ రేడియోలకు యూరప్‌లో ఈఎన్ 300 086 అనే ప్రమాణం ఉంది. 25 కి.హె. ఛానల్‌కు పక్క ఛానల్‌ను 70 డీబీ, 12.5కు 60 డీబీ అణచగలగాలి. ఆ పరీక్ష పాసైన పెట్టెలో నేరో అంటే ఫిల్టర్‌తో సహా నేరోనే. గోదారి గాలి గారితో నేను విభేదించేది ఇక్కడే. రబ్బరు యాంటెన్నాకు ఆయన మాట నిజం. పైకప్పు మీద కొలీనియర్ యాంటెన్నా పెడితే మాత్రం పక్క ఛానల్లో ఉన్న దూరపు రిపీటర్ కూడా లోపలికి వచ్చి కూర్చుంటుంది.

ఇక టోన్. మీరు నేరో చెయ్యగానే కొన్ని రేడియోల్లో టోన్ డీవియేషన్ కూడా సగమవుతుంది, అది సరైనదే. వైడ్‌లో టోన్‌కు 500 నుంచి 700 హెర్ట్జ్ ఇస్తే నేరోలో 250 నుంచి 350 చాలు, మొత్తం డీవియేషన్‌లో సుమారు 10 నుంచి 15 శాతం. రిపీటర్ డీకోడర్ దాన్ని పట్టుకోవాలి. బలహీనమైన సిగ్నల్ మీద టోన్ కూడా చిన్నదైతే డీకోడర్ తడబడుతుంది. కాబట్టి తెరుచుకోనిది రిపీటర్‌కు దూరంగా ఉన్నప్పుడేనా, దగ్గరున్నా అంతేనా, అది చూడండి. దూరంగా ఉన్నప్పుడే అయితే యాంటెన్నా సంగతి. దగ్గరున్నా అంతే అయితే టోన్ తప్పు.

టోన్ తప్పడం ఎక్కువగా పక్క అంకె పెట్టడం వల్ల జరుగుతుంది. ఇక్కడ రిపీటర్లు వాడే టోన్లు తొమ్మిదే: ఏ 67.0, బీ 71.9, సీ 77.0, డీ 82.5, ఈ 88.5, ఎఫ్ 94.8, జీ 103.5, హెచ్ 110.9, జే 118.8. రేడియోలో వీటి మధ్య ఇంకా చాలా టోన్లు ఉంటాయి, 79.7, 85.4 వంటివి. డయల్ తిప్పుతూ ఒకటి దాటిపోవడం తేలిక. చిర్ప్‌లో 'టోన్' అని పెట్టండి, 'టీఎస్‌క్యూఎల్' వద్దు. రెండోది పెడితే రిపీటర్ తిరిగి టోన్ పంపకపోతే మీ రేడియో మూగబోతుంది, అప్పుడు రిపీటర్ తెరుచుకున్నా తెరుచుకోనట్టే అనిపిస్తుంది.


డిస్కవుంట్_డీబీ:

డీవియేషన్ నిజంగా 2.5 లోపు ఉందా అని కొలవడానికి ఖరీదైన సర్వీస్ మానిటర్ అక్కర్లేదు. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కు తగిలించే చిన్న రిసీవర్) ఒకటి, డమ్మీ లోడ్ (యాంటెన్నాకు బదులు తగిలించేది) ఒకటి, ఫోన్లో టోన్ జనరేటర్ యాప్ ఒకటి చాలు.

ఎఫ్ఎంలో ఒక విచిత్రం ఉంది. మాడ్యులేషన్ ఇండెక్స్ 2.405కు చేరగానే మధ్యలోని క్యారియర్ పూర్తిగా మాయమవుతుంది, శక్తంతా పక్క బ్యాండ్లలోకి పోతుంది. బెస్సెల్ నల్ అంటారు. ఇండెక్స్ అంటే డీవియేషన్‌ను టోన్ ఫ్రీక్వెన్సీతో భాగించడమే. కాబట్టి 2500ను 2.405తో భాగించండి, 1040 హెర్ట్జ్ వస్తుంది. ఆ టోన్ మైకులోకి పంపినప్పుడు క్యారియర్ మాయమైతే ఆ క్షణాన డీవియేషన్ 2.5 కి.హె.

రేడియోకు డమ్మీ లోడ్ తగిలించి, పవర్ అతి తక్కువ పెట్టండి. సీటీసీఎస్ఎస్ ఆపెయ్యండి, లేకపోతే ఆ టోన్ చిత్రాన్ని చెరుపుతుంది. ఎస్‌డీఆర్‌ను కొన్ని మీటర్ల దూరంలో, యాంటెన్నా లేకుండా లేదా చిన్న తీగతో పెట్టండి. దగ్గర పెడితే డాంగిల్ నిండిపోయి దొంగ శిఖరాలు కనిపిస్తాయి. గెయిన్ చేత్తో తగ్గించుకోండి, ఆటో వద్దు. స్పెక్ట్రమ్‌లో గీతలు విడిగా కనబడాలంటే రిజల్యూషన్ 100 హెర్ట్జ్ లోపు ఉండాలి. శాంపిల్ రేటు 10,24,000, ఎఫ్ఎఫ్‌టీ సైజు 16384 పెడితే ఒక గడి 62.5 హెర్ట్జ్, సరిపోతుంది.

ఫ్రీక్వెన్సీ దగ్గరకు జూమ్ చేసి మొదట టోన్ లేకుండా పీటీటీ (మాట్లాడే బటన్) నొక్కండి. ఒకే గీత కనబడుతుంది, అది క్యారియర్. ఇప్పుడు ఫోన్‌ను మైకు దగ్గర పెట్టి 1040 టోన్ చిన్నగా మొదలుపెట్టి పెంచుతూ పొండి. పక్కన 1040 దూరాల్లో గీతలు మొలుస్తాయి, మధ్య గీత కుంగుతుంది. వాల్యూమ్ ఎంత పెంచినా మధ్య గీత కుంగి ఆగిపోతే, మాయం కాకపోతే, లిమిటర్ (డీవియేషన్‌కు హద్దు వేసే భాగం) 2.5 లోపే పట్టుకుంటోందన్నమాట. మీకు కావాల్సింది అదే. మాయమై మళ్లీ పైకి లేస్తే రేడియో 2.5 దాటుతోంది. లిమిటర్ కోసినప్పుడు సైన్ ఆకారం కొంచెం చెడుతుంది కాబట్టి పూర్తి సున్నా రాకపోవచ్చు, గీత 25-30 డీబీ కుంగితే చాలు, నల్ అనుకోండి. వైడ్ సెట్టింగ్ పరీక్షించాలంటే 2080 హెర్ట్జ్ టోన్.

అదే తెర మీద ఇంకోటి కూడా చూసుకోవచ్చు, క్యారియర్ ఎంత పక్కకు ఉందో. 145 మెగాహెర్ట్జ్ దగ్గర 2.5 పీపీఎం (పది లక్షలకు 2.5 వంతుల తేడా) అంటే దాదాపు 360 హెర్ట్జ్, పర్వాలేదు. పాత క్రిస్టల్ రేడియోల్లో 10 పీపీఎం ఉంటే 1,450 హెర్ట్జ్, వైడ్‌లో చెల్లుతుంది గానీ నేరోలో గరగర మొదలవుతుంది. అయితే డాంగిల్‌కు కూడా తప్పు ఉంటుంది, ముందు ఖచ్చితమైన ఫ్రీక్వెన్సీ తెలిసిన సిగ్నల్‌తో దాన్ని సరిచేసుకోకుండా రేడియోను తిట్టకండి.


ఎల్బీనగర్_కిరణ్:

హైదరాబాద్ నుంచి అడుగుతున్నాను. వీయూ3 హ్యామ్ లైసెన్స్ ఉంది. ఇదంతా చదివాక నా హ్యాండీ కూడా నేరో చెయ్యాలా? డాలస్‌లో ఉన్న తమ్ముడు కూడా నేరో చేశానంటున్నాడు, అక్కడ 2013 నుంచి నేరో తప్పనిసరి అట.


గోదారి_గాలి:

కిరణ్, తొందరపడకు. మన దగ్గర కూడా 2 మీటర్ అంటే 144 నుంచి 146, షిఫ్ట్ కూడా మైనస్ 600 అలవాటే, కానీ నేరో పెట్టాలా వద్దా అన్నది నువ్వు వాడే రిపీటర్ రిసీవర్‌ను బట్టి ఉంటుంది. వైడ్ రిపీటర్‌లోకి నేరోతో వెళ్తే నీ మాట అందరికంటే 6 డీబీ చిన్నగా వినబడుతుంది, 'మైక్ గెయిన్ పెంచండి' అని రిపోర్టులు వస్తాయి. అదే గుర్తు. రిపీటర్ నడిపే వాళ్లను 'రిసీవర్ 25ఆ, 12.5ఆ' అని అడిగితే ఒక్క మాటలో చెబుతారు.

ఇక డాలస్‌లో ఉన్న నీ తమ్ముడి విషయం. 2013 జనవరి 1 గడువు అమెరికాలో పార్ట్ 90 లైసెన్సులది, అంటే పోలీసు, ఫైర్, ట్యాక్సీ వంటి సంస్థల రేడియోలకు. హ్యామ్‌లు పార్ట్ 97 కిందకు వస్తారు, ఆ గడువు వాళ్లకు వర్తించదు. అక్కడ 2 మీటర్ రిపీటర్లు ప్రాంతాన్ని బట్టి 15 లేదా 20 కి.హె. ఎడంలో ఉంటాయి, టెక్సస్‌లో 20. ఎక్కువ చోట్ల 5 కి.హె. డీవియేషనే. ఆయన్ని వైడ్‌కు తిరిగి మార్చుకోమను, లేకపోతే డాలస్‌లో ఈయన ఒక్కడే గుసగుసలాడుతున్నట్టు ఉంటుంది. ఆ గడువు వల్ల హ్యామ్‌లకు జరిగిన మేలు ఒకటుంది, నేరో రాని కమర్షియల్ సెట్లు కుప్పలుగా చవకగా బయటికి వచ్చాయి. వైడ్ చెల్లే చోట అవి భేషుగ్గా పనిచేస్తాయి. ఇంగ్లండ్‌కు మాత్రం అలాంటివి పట్టుకెళ్లకూడదు.


రీడింగ్_శ్రీను:

టోన్ దొరికింది, ఒకటి పక్కన పెట్టాను. ఇప్పుడు తెరుచుకుంటోంది. ఇక జీఎం340 మీద ఎవరైనా ఒక మాట చెబితే కారు కోసం కొనేస్తాను. ఐసీ-2ఈ ఫిల్టర్ మార్చి నేరో చెయ్యడం కుదురుతుందా అని కూడా ఒక ఆశ.


టంకం:

జీఎం340 మీకు బాగా కుదురుతుంది. ఒక రకం 1 నుంచి 25 వాట్లది, ఫౌండేషన్ హద్దుకు సరిగ్గా సరిపోతుంది. ఛానల్‌కు ఛానల్‌గా 12.5, 20, 25 పెట్టుకోవచ్చు, ఫిల్టర్ కూడా దానితో పాటే మారుతుంది. కొనేముందు వెనక లేబుల్ చూడండి. ఇదే పేరుతో వీహెచ్ఎఫ్ 136-174 ఒకటి (మీకు కావాల్సింది ఇదే), యూహెచ్ఎఫ్ 403-470 ఒకటి ఉన్నాయి, ముఖం చూస్తే రెండూ ఒకటే. అమ్మేవాడు ఫొటోలో లేబుల్ చూపించకపోతే అడగండి, చూపించనంటే వదిలెయ్యండి.

దానిలో పెద్ద లోటు ఛానళ్లు. జీఎం340లో ఆరే. ఇంటి దగ్గర రిపీటర్లు మూడు, 145.500, ఇంకో రెండు సింప్లెక్స్‌లు వేస్తే నిండిపోతుంది. కారులో ఊళ్లు తిరుగుతారంటే డిస్‌ప్లే ఉన్న జీఎం360 చూడండి, అందులో 255. రెండింటికీ ముందు ప్యానెల్ నుంచి ఫ్రీక్వెన్సీ కొట్టడం కుదరదు, మోటరోలా ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్, కేబుల్ కావాలి. క్లబ్బులో ఇవి ఎవరి దగ్గరైనా ఉన్నాయా అని కనుక్కుని, ఆ తర్వాతే డబ్బులివ్వండి. లేకపోతే ట్యాక్సీ కంపెనీ ఛానళ్లతోనే అది మీ దగ్గర కూర్చుంటుంది. ప్రోగ్రాం చేసేటప్పుడు ఇన్‌పుట్, ఔట్‌పుట్ ఫ్రీక్వెన్సీలు విడివిడిగా కొట్టాలి, షిఫ్ట్ అని ఒక గడి ఉంటుందని వెతకకండి. టోన్ కూడా పంపే వైపు మాత్రమే పెట్టి, వినే వైపు క్యారియర్ స్క్వెల్చ్ వదలండి. టైమ్‌అవుట్ టైమర్ చూసుకోండి, పాత యజమాని 30 సెకన్లకు పెట్టి ఉంటే మీరు పేరు చెప్పేలోపు ఆగిపోతుంది.

ఐసీ-2ఈ గురించి. పాత ఎఫ్ఎం సెట్లలో 455 కి.హె. సిరామిక్ ఫిల్టర్ చివరి అక్షరం వెడల్పు చెబుతుంది. మురాటా సీఎఫ్‌డబ్ల్యూ455 వరుసలో 'ఈ' (E) అంటే ±7.5, 'ఎఫ్' అంటే ±6, 'జీ' అంటే ±4.5 కి.హె. మీ బోర్డు మీద ఏ ఫిల్టర్ ఉందో, కాళ్ల వరుస కలుస్తుందో చూసుకుని మార్చొచ్చు. 'ఈ' నుంచి ఎఫ్‌కు దిగడం నా లెక్కలో మధ్యేమార్గం. జీ పెడితే ఫ్రీక్వెన్సీ కొంచెం పక్కకు ఉన్న ప్రతి స్టేషనూ గరగరలాడుతుంది, పాత క్రిస్టల్‌తో మీరే పక్కకు ఉంటారు. తర్వాత డీవియేషన్ ప్రీసెట్ తగ్గించి పైన చెప్పిన 1040 టోన్‌తో సరిచూడాలి. టోన్ బోర్డు కూడా పెడితే రెండూ కలిపి 2.5 దాటకూడదు, అంటే టోన్‌కు 300 హెర్ట్జ్ ఇస్తే మాటకు 2.2 మిగులుతుంది. ఇదంతా చేసినా ఎనిమిది ఛానళ్లే, అది మాత్రం మారదు.


డిస్కవుంట్_డీబీ:

కారులో జీఎం340 పెడితే పవర్ తీగలు రెండూ బ్యాటరీ నుంచే లాగండి, ఫ్యూజ్ బ్యాటరీ చివర. సిగరెట్ లైటర్ సాకెట్ 25 వాట్లకు చాలదు, పీటీటీ నొక్కగానే వోల్టేజి పడిపోయి రేడియో రీసెట్ కావచ్చు. దాన్ని కూడా 'రిపీటర్ తెరుచుకోవట్లేదు' అనే అనుకుంటారు. 73 (హ్యామ్ భాషలో శుభాకాంక్షలు).